పెద్దమ్మగారిని చంపింది నేనే

అక్కా,

ఫోన్ చేసినప్పుడల్లా "ఏంటే, అలా పొడిపొడిగా మాట్లాడతావు?" అని దెప్పుతావు. ఏం చెయ్యను? మా అత్తగారు మంచం దిగలేకపోయినా ఆవిడ చెవులు మాత్రం ఇల్లంతా తిరుగుతూనే ఉంటాయి. బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాక ఆవిడకి మిగిలినవి రెండే పనులు: టీవీ చూడటం, నన్ను తిట్టడం. అందుకే కాగితం పట్టుకున్నాను. రాస్తే చప్పుడు ఉండదుగా.

మా వీధిలో టీవీలు ఆగిపోయిన సంగతి నీకు చెప్పి తీరాలి. పాత ప్రసారాలు ఆపేస్తున్నాం, ఇకమీదట అంతా డిజిటల్, ప్రతి ఇంట్లోనూ టీవీకి సెట్‌టాప్ డబ్బా పెట్టించుకోండి అని నెలల తరబడి ఆ టీవీలోనే చెప్పారు. వింటేగా! కిరాణా కొట్టాయన "ఇదంతా డబ్బాలు అమ్ముకునే ఎత్తు. గాల్లో వచ్చే బొమ్మని ఎవడాపుతాడండీ?" అన్నాడు. మంగలి ఇంకో అడుగు ముందుకేశాడు. ప్రసారాలు ఆపే రోజు మధ్యాహ్నం నడుస్తూ ఉన్న టీవీలకి బొమ్మ పోదట, కట్టేసి ఉన్నవాటికే పోతుందట. నీకెవరు చెప్పారయ్యా అంటే, గడ్డం గీయించుకోవడానికొచ్చిన టీవీ ఆఫీసు డ్రైవరు చెప్పాడట. ఇంకేం, వీధి వీధంతా నమ్మేసింది. ముందు రోజు నుంచే ఒక్క ఇంట్లోనూ టీవీ కట్టలేదు. ఊరెళ్ళాల్సినవాళ్ళు పక్కింట్లో తాళాలిచ్చి "మా టీవీని కాస్త కనిపెట్టుకుని ఉండండి" అని పసిబిడ్డని అప్పజెప్పినట్టు అప్పజెప్పి వెళ్ళారు.

మా అత్తగారి సంగతి చెప్పక్కర్లేదు. "ఏమే, దాని జోలికెళ్ళావంటే చేతులు విరిచేస్తా" అంది. మాది మా మామగారు కొన్న పాత టీవీ. వెనకాల అంత మూటతో గది సగం అదే ఉంటుంది. ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా నడిచేసరికి, మర్నాడు మధ్యాహ్నానికి దాని వెనక నుంచి కాలుతున్న వాసన మొదలైంది. చెయ్యి పెడితే చురుక్కుమంది. కిటికీ తెర దానికి ఆనుకునే ఉంది. నిప్పంటుకుంటే మంచంలో ఉన్న మనిషిని నేనొక్కదాన్నీ మొయ్యగలనా? స్విచ్ తీసేశాను. చల్లారాక మళ్ళీ వేస్తే తెరనిండా చుక్కలే. బుస్సుమని ఒకటే మోత.

అదే సమయానికి వీధంతా అవే చుక్కలు. అందరూ బయటికొచ్చి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒకాయన మేడెక్కి యాంటెన్నా తిప్పుతుంటే వాళ్ళావిడ కింద నుంచి "రాలేదు, ఇంకా తిప్పండి, రాలేదూ" అని అరుస్తోంది. ఎదురింటి ముసలాయన టీవీ నెత్తిన టపటపా కొట్టి కొట్టి, చివరికి దాని ముందు కూర్చుని ఏడ్చాడు. కుర్రాళ్ళు మంగలి షాపు మీదికెళ్ళి అద్దం పగలగొట్టారు. వాడు మాత్రం "నా టీవీకీ పోయిందిరా నాయనా" అని మొత్తుకుంటున్నాడు. కొన్నాళ్ళకి అందరూ డబ్బాలు తెచ్చుకున్నారు. కిరాణా కొట్టాయనే తెచ్చి అమ్మాడు.

మా ఇంట్లో మాత్రం గొడవ అక్కడే ఆగిపోయింది. మా అత్తగారికి వీధి కనపడదుగా. ఆవిడ లెక్కలో ఊరందరికీ బొమ్మ ఉంది, నేను కట్టెయ్యడం వల్ల మాకొక్కళ్ళకే పోయింది. అందరికీ పోయిందత్తయ్యా అంటే "నీ తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఊరందర్నీ గుడ్డివాళ్ళని చేస్తావా?" అంది. మందులిచ్చేవాడికి చెప్పింది, కట్టు మార్చే నర్సుకి చెప్పింది. "నాకున్న ఒక్క తోడునీ చంపేసిందమ్మా ఈ శని" అని. నీ మరిది బస్సు డ్యూటీ దిగి వారానికోసారి ఇంటికొస్తాడు కదా, ఆయన "అమ్మ వద్దన్నప్పుడు ఎందుకు ముట్టుకున్నావు?" అన్నాడు. ఇల్లు తగలబడేదండీ అన్నాను. "తగలబడలేదుగా" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపు కూడా రాలేదు అక్కా. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఒక్క మాటకి ఎదురు చెప్పి ఎరగను, నీకు తెలుసు. ఈ ఒక్కటి మాత్రం మింగుడు పడటం లేదు.

నోట్లో నాలుక లేదని నువ్వు వెక్కిరించే
నీ చెల్లెలు


అక్కా,

"ఆ ముసలిదాని మొహాన ఒక డబ్బా కొట్టవే, పీడ విరగడవుతుంది" అని రాశావు. చదివి నవ్వుకున్నాను. డబ్బా నీ ఉత్తరం కన్నా ముందే ఇంటికొచ్చింది. మంచాన ఉన్నవాళ్ళకి ఊరికే ఇస్తున్నారట, టీవీ ఆఫీసువాళ్ళు ఇద్దరు తెచ్చారు. మా అత్తగారు నిద్రపోతోంది. "బిగించి వెళ్ళమంటారా అమ్మా?" అని గుమ్మంలో నిలబడి అడిగితే, వద్దండీ, మావారు వచ్చి బిగించుకుంటారు అన్నాను. అనేదాకా నేను అలా అంటానని నాకే తెలీదు. వాళ్ళు వెళ్ళాక దాన్ని పాత దుప్పట్ల పెట్టెలో అడుక్కి తోసి మూత పెట్టాను. ఒట్టు, మనసు హాయిగా ఉంది.

ఆవిడకి ప్రాణప్రదమైన సీరియల్ ఒకటుంది. అందులో పెద్దమ్మగారని ఒకావిడ, నడుముకి తాళాలగుత్తి, ముగ్గురు కోడళ్ళని వేలి మీద ఆడిస్తుంది. ఆవిడ ఇవాళ కోడల్ని ఏ మాటంటే, మా అత్తగారు రేపు నన్ను అదే మాట అనేది. ఆ వేళకి నేను పక్కింటికి, కుట్టుమిషనావిడ దగ్గరికి వెళ్ళి చూడటం మొదలుపెట్టాను. జాకెట్లకి హుక్కులు కుట్టిపెడుతూ కూర్చుంటాను, ఆవిడకీ సాయం. మా అత్తగారు నాలుగు రోజులు మొహం గోడకి తిప్పుకుంది. ఐదో రోజున ఇక పట్టలేక "వెళ్ళి చూసొచ్చావుగా, ఏమైందో చెప్పి చావు" అంది.

మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పాను అక్కా. ఒకరోజు మధ్యలో కథ ఆపించి, మళ్ళీ ఆ టీవీ సంగతే ఎత్తి, మన అమ్మని కూడా కలిపి తిట్టింది. అప్పుడు అనేశాను. "పెద్దమ్మగారి తాళాలగుత్తి పోయిందత్తయ్యా" అని. ఆవిడ తిట్టు సగంలో ఆగిపోయింది. "పోవడమేంటే? ఎవరు తీశారు?" అంది. పెద్దకోడలు అన్నాను. ఆ మొహం వాడిపోవడం నువ్వు చూసి ఉండాల్సింది. ఇన్నేళ్ళలో ఆ మొహంలో నేను తెప్పించిన మొదటి మార్పు అది.

ఇక నన్ను పట్టుకునేవాళ్ళు లేరు. అసలు సీరియల్లో పెద్దమ్మగారు మనవరాలి పెళ్ళికి నగలు చేయిస్తోంది. మా ఇంట్లో నేను చెప్పే పెద్దమ్మగారితో కొడుకులు మాట్లాడటం మానేశారు. ముందు గది ఖాళీ చేయించి వెనక గదిలో పడేశారు. తర్వాత కాళ్ళు పడిపోయాయి, నేనే పడగొట్టాను. "కోడలు అంత మాటంటుంటే పెద్దమ్మగారు ఊరుకుందా?" అని అడుగుతుంది. ఊరుకోక ఏం చేస్తుందత్తయ్యా, లేవలేదుగా అంటాను. "కొడుకు చూస్తూ ఉన్నాడా?" ఉన్నాడు. "ఏమీ అనలేదా?" అనలేదు. అలా ఒక్కో ప్రశ్నా అడుగుతూ, నా జవాబులు మింగుతూ, పొద్దుగూకే దాకా నా మొహంకేసి చూస్తూ ఉంటుంది. తిట్లు సగానికి సగం తగ్గాయి. "రేపేమవుతుందే?" అంటుంది. "చూడాలి" అంటాను. ఆ ఒక్క మాట అనడంలో ఎంత రుచి ఉందో నీకు రాతలో చెప్పలేను.

ఇది పాపమని నువ్వంటావు. ఆవిడ నాకు చేసింది పుణ్యమా? నేనేం ఆవిడ ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు, అన్నం మానిపించలేదు, పక్క మార్చడం ఒక్కరోజు ఆపలేదు. ఉత్త కథేగా. ఈ వారంలో పెద్దమ్మగారిని చంపేద్దామనుకుంటున్నాను. ఎలా చంపితే బాగుంటుందో హుక్కులు కుడుతూ ఆలోచిస్తున్నాను.

నాలుక మొలిచిన
నీ చెల్లెలు


అక్కా,

ఈ ఉత్తరం చదివాక నన్ను తిట్టు. గట్టిగా తిట్టు. నన్ను తిట్టేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

చంపేశాను. మా అత్తగారికి సాయంత్రం జావ తాగించే వేళ అది. గిన్నె నా చేతిలోనే ఉంది, చెంచాతో పోస్తూ చెబుతున్నాను. నేనెంత మొద్దునో చూడు, నోటికి వచ్చింది చెబుతున్నానే గానీ చేతిలో ఏముందో చూసుకోలేదు. పెద్దకోడలు జావలో ఏదో కలిపి తెచ్చిందత్తయ్యా అన్నాను. ఆవిడ నోట్లో జావ నోట్లోనే ఉంది. "పెద్దమ్మగారికి తెలిసిందా?" అంది. తెలిసింది, రుచి తేడాగా ఉందే అంది, అన్నాను. "మరి తాగడం దేనికి?" తాగక ఏం చేస్తుందత్తయ్యా, ఆకలికి పెట్టేవాళ్ళు ఇంకెవరున్నారు అన్నాను. ఆ మాట బాగా వచ్చిందని నాలో నేను మురిసిపోయాను కూడా. ఆవిడ నోట్లోది దుప్పటి మీద ఉమ్మేసి, నా చేతిలోని చెంచాకేసి చూసింది.

మర్నాటి నుంచి నా చేతి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. పళ్ళు బిగించేది. రెండు రోజులకి పెదాలు పగిలాయి. నాకు భయం పట్టుకుంది. పరుగెత్తి కుట్టుమిషనావిడని తీసుకొచ్చాను. దుప్పట్ల పెట్టె తెరిచి డబ్బా బయటికి తీసి, ఇద్దరం కలిసి బిగించాం. బొమ్మ వచ్చింది, సీరియల్ వేళకి పెద్దమ్మగారూ వచ్చింది. ఇదిగో చూడండత్తయ్యా, నిక్షేపంలా ఉంది, తాళాలగుత్తి కూడా ఉంది, నేను చెప్పినవన్నీ నా కల్పనలే, డబ్బా వచ్చి చాలా కాలమైంది, దాచింది నేనే అని కాళ్ళు పట్టుకుని చెప్పేశాను.

ఆవిడ చాలాసేపు తెరకేసి చూసింది. మా పాత టీవీలో పెద్దమ్మగారు మసకమసగ్గా, నున్నగా, ఎర్రగా ఉండేది. ఇప్పుడు మెడ మీద ముడతలు, చెవుల దగ్గర పౌడరు అంచు, పాపిట్లో రంగు వెయ్యని తెల్ల వెంట్రుకలు, అన్నీ విడివిడిగా కనపడుతున్నాయి. "ఎవరే ఈ ముసల్ది? మా పెద్దమ్మగారు పండులా ఉండేది. ఆవిడ పోయాక ఎవర్నో తెచ్చి పెట్టారు" అంది. గొంతు వినండి, అదే గొంతుగా అన్నాను. "గొంతుదేముంది, ఎవరిదైనా పెడతారు" అంది. కుట్టుమిషనావిడ కూడా ఒట్టేసింది. మా అత్తగారు ఆవిణ్ణి ఒకసారి, నన్ను ఒకసారి చూసి, మెల్లిగా "డబ్బా దాచినదానివి జావలో కలపవా?" అంది.

ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టింది. ఏది తెచ్చినా ముందు నేను తినాలి, ముందు నేను తాగాలి. ఆవిడ నా గొంతుకేసి చూస్తుంది, మింగానో లేదో. కాసేపు ఆగి, అప్పుడు తను తింటుంది. తిట్టు లేదు, సాధింపు లేదు. "తల్లీ" అంటుంది నన్ను. పక్క మార్చితే దణ్ణం పెడుతుంది. నీ మరిది వచ్చి చూసి "ఇన్నాళ్ళకి ఇల్లు ప్రశాంతంగా ఉంది, ఏం మంత్రం వేశావు?" అని నవ్వాడు. ఆయనకి ఏం చెప్పాలో తెలీక చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. కొడుకు చూస్తూ ఊరుకుంటాడని ఆవిడకి చెప్పింది నేనేగా.

మొన్నీమధ్య డాక్టరు వచ్చాడు. నాడి పట్టి చూసి, "గుండె ఉక్కులా ఉందమ్మా, ఇంకో పదేళ్ళు ఢోకా లేదు, కోడలు బాగా చూసుకుంటోంది" అని ఆవిడ భుజం తట్టి వెళ్ళాడు. ఆయన గుమ్మం దాటగానే ఆవిడ ఏడ్చింది. అంత ముసలి ఒళ్ళు అలా కదిలి కదిలి ఏడవగలదని నాకు తెలీదు. సాయంత్రం జావ తెచ్చి, అలవాటు ప్రకారం ముందు నేను తాగబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దులే తల్లీ. పదేళ్ళు భయపడే ఓపిక నాకు లేదు. పెద్దమ్మగారికి ఒక్క పూటలో అయిపోయిందిగా, నాక్కూడా అలాగే కానియ్యి" అని, గిన్నె తనే అందుకుని అడుగంటా తాగేసింది. నోరు తుడుచుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.

అందులో ఉప్పు తప్ప ఏమీ లేదు అక్కా. నువ్వైనా నమ్ము.

తెల్లారి కళ్ళు తెరిచి, నన్ను చూసి, "ఇంకా కలపలేదా?" అంది. నిన్నా అదే అడిగింది. ఇవాళ కూడా గిన్నె ఖాళీ చేసి కళ్ళు మూసుకుని పడుకుంది. లేచి అడుగుతుందని పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను.

నీ చెల్లెలు