వానలో ఉతికిన కర్టెన్లు

జూలై 12, ఆదివారం

చిరంజీవి చిట్టికి,

అమ్మ దీవెనలు. మిక్సీ తప్ప ఇక్కడ అందరం క్షేమం. నువ్వు, అల్లుడుగారు, మీ అత్తగారు కులాసా అని తలుస్తాను. ఫోన్లో అయితే నా గొంతే నన్ను పట్టిస్తుంది, అందుకని కాగితం మీద పెడుతున్నాను.

మన సీరియల్ కొత్త భాగం నిన్న ఒక్కదాన్నే చూశాను. నీ పెళ్లయ్యాక కూడా చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టేవాళ్లం. సగంలో ఆపి, హంతకులెవరో చెరో మాట చెప్పుకునేవాళ్లం. ఈసారి అత్తయ్యతో చూసేశానన్నావు. పైగా ఆవిడ సగంలోనే పట్టేసిందని మురిసిపోయావు.

భాగం మాత్రం అద్భుతం. బాబాయిని అన్నే చంపాడని తమ్ముడూ, తమ్ముడే చంపాడని అన్నా అనుకుని, ఒకరినొకరు కాపాడుకోవడానికి ఒకే శవాన్ని చెరోసారి దాచడం! ఐస్‌క్రీమ్ కొట్టు ఫ్రీజర్ మీద కూర్చుని ఇన్‌స్పెక్టర్ తన పెళ్లాం వదిలేసిందని ఏడుస్తుంటే, అందులో శవాన్ని పెట్టినవాళ్లే ఆయన్ని ఓదార్చడం! నవ్వీ నవ్వీ పక్కకి తిరిగితే మీ నాన్నగారు గురక పెడుతున్నారు. ఎవరితో చెప్పుకోను? చివర్లో పిన్ని ఫ్రీజర్ తెరిచి, తను చంపిన మొగుడికే చొక్కా గుండీ సరిచేసినప్పుడు మాత్రం నవ్వడం మానేశాను.

ఆ పిన్ని ఆరే దారిలేని వానరోజున పనిగట్టుకుని కర్టెన్లు ఉతకడం చూసి మీ అత్తగారు పట్టేసిందట. నాకు ఒళ్లు మండింది. సోమవారం దుప్పట్లు, గురువారం కర్టెన్లు అని వారాలు పెట్టుకుని ఉతికేదాన్ని నేను. ఆ మాట నా నోటి నుంచి రావాలి! ఆవిడ వంట బాగుందన్నావు, ఓర్చుకున్నాను. జడ బాగా వేస్తుందన్నావు, అదీ ఓర్చుకున్నాను. హంతకుల్ని కూడా ఆవిడే పట్టుకుంటే ఇక నాకేం మిగిలింది?

నీ జలుబుకి ఆవిరి పట్టు. అదీ ఆవిడే చూస్తోందేమో.

మొదటి నుంచీ ఉన్న
మీ అమ్మ

తా.క.: కవరు అంటిస్తుంటే మీ అత్తగారే ఫోన్ చేశారు. వదినగారూ, కర్టెన్ల సంగతి భలే పట్టారని పళ్లు బిగించి మెచ్చుకున్నాను. ఆవిడ మెల్లిగా అసలు సంగతి చెప్పారు: నువ్వు ఆఫీసుకి వెళ్లాక ఆ భాగం ముందే ఒకసారి చూసేశారట. మా అమ్మయితే సగంలోనే పట్టేస్తుందని నువ్వు ప్రతిసారీ అంటుంటే ఆవిడకి ప్రాణం ఉసూరుమనేదట. నీకు చెప్పొద్దని బతిమాలారు, తెలిసినట్టు ఉండకు. వచ్చేవారం ముగ్గురం కలిసి చూద్దాం. సగంలో ఆపి, ముందు ఆవిడనే చెప్పమను. ఈసారి ముందుగా చూసి ఉండరుగా, తప్పే చెప్తారు. ఆవిడ ముందు నవ్వకు. నవ్వాలనిపిస్తే తర్వాత నాకు ఫోన్ చెయ్యి.