ఆకుపచ్చ చుక్క

జూన్ 2

కంప్యూటర్ పటంలో చుక్కలు కుదిరాయి. ఒక్కో పరిశోధన వ్యాసానికి ఒక్కో చుక్క. ఎక్కువమంది రోగుల మీద చేసినదైతే పెద్ద చుక్క, లేకపోతే ఆవగింజంత. మౌస్ దాని మీద పెడితే వ్యాసం పేరూ, ఏ మందు గురించో కనిపిస్తాయి. ఉచితంగా చదవడానికి దొరికేవి ఆకుపచ్చ. సారాంశం మాత్రమే దొరికేవి పసుపు. డబ్బు కడితే తప్ప తెరుచుకోనివి ఎరుపు.

బెంగళూరు నుంచి మేనేజరు ఫోన్. "సింపుల్‌గా ఉంది రూత్, డాక్టర్లకి నచ్చుతుంది" అన్నాడు. ఈ నరాల జబ్బు మీద పని నేనే అడిగి తీసుకున్నాను. ఎందుకడిగానో ఆయనకి చెప్పలేదు.

జూన్ 4

అన్నయ్య చొక్కాకి బొత్తాలు వదిన పెడుతోంది. గూడ్సు బండ్లు నడిపిన చెయ్యి, ఇప్పుడు బొత్తాం పట్టదు. నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి, కండలు వాటి వెనకాలే పోతాయి, ఆపే మందు లేదు, కొంచెం నెమ్మది చేసే మాత్ర ఒకటుంది... కలకత్తా డాక్టరు ఇదంతా నా మొహం చూసే చెప్పాడు. పక్కనే కూర్చున్న అన్నయ్య వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

వందల వ్యాసాలు ఏరి పేర్చాను. ఆయన చెప్పిన దానికంటే ఒక్క ముక్క ఎక్కువ దొరకలేదు. దొరుకుతుందనే కదా ఈ పని అడిగింది.

జూన్ 8, ఆదివారం

ఆరాధనకి అన్నయ్య రానన్నాడు. పాటల పుస్తకం జారిపోతుందని సిగ్గు. తిరిగొచ్చేసరికి నా ల్యాప్‌టాప్ ముందు ఉన్నాడు, ఎడం చేత్తో చుక్కల మధ్య తిరుగుతూ.

"ఏటే ఇది, కేబిన్లో ప్యానెల్ లాగున్నాది!"

ఎన్నాళ్లకో నవ్వాడు. ఇంజన్లో బండి నడిపే పైలటు సిగ్నలు చూడగానే చెయ్యెత్తి రంగు పైకి అనాలి, పక్కన అసిస్టెంటు తనూ చూసి అదే మాట తిరిగి అనాలి. రూలు. ఆ ఆట మొదలెట్టాడు. "రెడ్!" అన్నాడు. "రెడ్" అన్నాను. "గ్రీన్!" "గ్రీన్." వదిన వంటింట్లోంచి — "ఏ టేసను దాటినారేటి అన్నాసెల్లెళ్లు? అన్నానికి ఆగుతారా, త్రూ బండేనా?"

ట్రాఫిక్ అనే ఈ రైల్వే కాలనీలో, మా క్వార్టర్లో ఇంత నవ్వు విని ఎన్ని నెలలైందో. సంతోషంగా ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

జూన్ 9

మేనేజరుకి చుక్కలు మెరవాలట. చూసేవాళ్లకి హుషారుగా ఉండాలట. ఏ ఎండకా గొడుగు... మెరిపించాను. పటం తెరవగానే ఆకుపచ్చవన్నీ ఒకసారి తళుక్కుమంటాయి.

జూన్ 13

ఉక్క. పని. అన్నయ్య రెండుసార్లు గ్లాసు జారవిడిచాడు. వదినా నేనూ చూడనట్టే ఉన్నాం.

జూన్ 15, ఆదివారం

వదిన పాలల్లో ఏదో పొడి కలుపుతోంది. బలానికట, ఖరిదా బజారు మందుల షాపులో కొన్నదట. మంచిదే అన్నాను. డబ్బా తిప్పి చూడలేదు.

జూన్ 19

ఇవాళ్టిది రాసి తీరాలి.

డ్యూటీకి పట్టుకెళ్లే లైన్ బాక్సు అన్నయ్య మంచం కింద ఉంది. తుడుద్దామని వదిన తెరిచింది. లోపల కాగితం పొట్లంలో మాత్రలు. రోజూ తను చింపి అరచేతిలో పెట్టే మాత్రలే. పదకొండు రోజులవి. వదిన గోల చేస్తుందని దాచాడట.

"ఎందుకు మానేశావన్నయ్యా?"

"నీ బొమ్మలోనే సూసినాను. మన మాత్రకి రెడ్డున్నాది. ఆ పొడికి గ్రీను. పెద్ద గ్రీను. మర్నాడు సూస్తే మెరిసినాది కూడా. నానన్నాను, నువ్వు తిరిగి అన్నావు కదేటి."

వదిన నా వైపు తిరిగింది. "రూతు బొమ్మలో ఉన్నాదని ఈయనంటేనే నేను కొన్నాను. నువ్వూ మంచిదే అన్నావు."

ఆకుపచ్చ అంటే చదవడానికి డబ్బక్కర్లేదని. అంతే. ఆ పొడి మీద వ్యాసం నేను చదివాను, దాని వల్ల ఉపయోగం కనిపించలేదనే చివర్లో రాశారు. మాత్ర మీద వ్యాసానికి తాళం ఉంది కాబట్టి ఎరుపు వేశాను. ఆ తాళం లోపల ఉన్నది, అది ఎంతో కొంత పనిచేస్తుందని.

చెప్పాను. విన్నాడు. కోప్పడతాడేమో అనుకున్నాను, కోప్పడినా బాగుండేది. "సర్వీసంతా రెడ్డు దాటనేదు నాను" అన్నాడు మెల్లిగా, తనే తప్పు చేసినట్టు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా అన్నయ్య పెరటి చెట్టునే నమ్మాడు. రైల్వే ఇంట్లో పుట్టి పెరిగి, ఎరుపూ ఆకుపచ్చా ఈ ఊళ్లో ఎవరికేం చెబుతాయో నాకు తట్టలేదు. సిగ్గుగా ఉంది.

జూన్ 20

మాత్ర మళ్లీ మొదలు. అన్నయ్య మింగేదాకా వదిన అతని నోట్లోకి చూస్తోంది.

డాక్టరుకి ఫోన్ చేశాను. ఎడం చెయ్యి కూడా బలహీనపడింది, మాత్ర ఆపినందుకేనా? "హొతే పారే, నా-ఓ హొతే పారే" అన్నాడు. కావచ్చు, కాకపోనూవచ్చు. ఆ పదకొండు రోజులూ మాత్ర వేసుకుని ఉంటే ఎలా ఉండేదో ఇంక ఎవరూ చెప్పలేరు. ఏ చుక్కలోనూ ఉండదు.

జూన్ 23

మేనేజరుతో గొడవ. మందు పనిచేస్తే ఆకుపచ్చ, చెయ్యకపోతే ఎరుపు వేద్దామన్నాను. "మనం తీర్పు చెప్పకూడదు రూత్, లీగల్ వాళ్లు ఒప్పుకోరు." అయితే రంగులే వద్దన్నాను. "డాక్టర్లకి అర్థమవుతుంది కదా, మామూలు వాళ్లు దీన్ని చూడరు."

మామూలు వాళ్లు. అప్పుడు చెప్పేశాను, అన్నయ్య సంగతంతా. సరే తీసెయ్ అన్నాడు ఆయన. ఫోన్ పెట్టేశాక ఏడుపాగలేదు.

జూన్ 24

తీసేశాను. మెరుపు కూడా. అన్నీ బూడిద రంగు.

జూన్ 26

పొద్దుటి నుంచి వాన. అన్నయ్య పటం చూపించమన్నాడు. చూపించకూడదనుకున్నాను... చూపించాను.

కుర్చీ దగ్గరికి లాక్కోలేకపోయాడు, నేనే జరిపాను. చాలాసేపు చూశాడు. అలవాటు కొద్దీ చెయ్యెత్తబోయాడు. కుర్చీ మీంచి నాలుగు వేళ్లెత్తు లేచి పడిపోయింది. ఎడం చెయ్యి.

"ఏటీ ఎలగట్లేదే."

"రంగులు తీసేశానన్నయ్యా. ఇంక ఎవరూ పొరబడరు."

"లైటు లేని సిగ్నలు ఎదురైతే రూలేటో తెలుసా నీకు? రెడ్డనే అనుకోవాలి. బండి ఆపీయాలి."

"ఎంతసేపు?"

"కంట్రోల్ రూమోళ్లు ఎల్లమని సెప్పేదాకా."

స్టేషను వైపు ఏదో గూడ్సు ఆగి హారన్ కొడుతోంది. ఇదివరకైతే ఏ ఇంజనో వినే చెప్పేవాడు. ఇవాళ అటు చెవి పెట్టలేదు. నన్నే చూస్తున్నాడు.

"అన్నీ సదివినావు కదే నువ్వు" అన్నాడు. "సెప్పు."