మిమ్మల్ని అడక్కుండా చెప్పిన మాట

శ్రీవారికి,

మీ ఉత్తరం బుధవారం చేరింది. మూడు పేజీలూ చేరాయి, ఈసారి జైలువాళ్లు ఎక్కడా నల్లసిరా పూయలేదు. ఇక్కడ నేనూ, అత్తయ్యా, పిల్లా కులాసాగానే ఉన్నాం. నడుంనొప్పి తగ్గిందని రాశారు. తగ్గలేదని మీ అక్షరాలే చెబుతున్నాయి. మూడో పేజీకి వచ్చేసరికి వరసలన్నీ కిందికి వాలిపోయాయి. నేలమీద కూర్చుని రాస్తున్నారు కదూ? ఒక బల్ల కావాలని జైలరుకి అర్జీ పెట్టుకోండి. ఊరందరి తరఫునా అర్జీలు రాసిన మనిషికి తన నడుం కోసం ఒకటి రాసుకోవడం అంత కష్టమా?

ఈ ఉత్తరం టపాలో పంపడం లేదు. వకీలుగారు చేతికిస్తారు. ఎందుకో చదివాక మీకే తెలుస్తుంది.

ముందు మీరడిగినవి. అత్తయ్య కంటి ఆపరేషన్ వచ్చే నెల మొదటివారంలో. ఆవిడకి బెంగేమీ లేదు. బెంగంతా డాక్టరుదే. పరీక్ష చేస్తున్నప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని, "ఏం నాయనా, వణుకుతోందే? పొద్దున ఏమైనా తిన్నావా?" అని అడిగింది. పిల్ల లెక్కల్లో ఎలాగో గట్టెక్కింది. సోదా రోజున పోలీసులు పగలగొట్టిన కిటికీకి అద్దం వేయించాను. పట్టుకెళ్లిన టైపు మిషను మాత్రం ఇంకా ఇవ్వలేదు. అన్నీ చేత్తో రాసీ రాసీ నా వేలు కాయకాసింది.

ఇక నాలుగో ప్రశ్న. "పేపర్లో నీ ప్రసంగం చూశాను, ఎవరు రాసిస్తున్నారు?" అన్నారు. చదివి నవ్వుకున్నాను. తర్వాత కాస్త ఒళ్లు మండింది కూడా. ఎవరూ రాసివ్వడం లేదండీ. పదిహేనేళ్లు మన ముందుగదిలో మీ మీటింగులకి టీలు అందించాను. చేతిలో ట్రే ఉంటే చెవులు పనిచెయ్యవనుకున్నారా? ఎవరు ఎక్కడ మాట మింగుతారో, జనం ఎప్పుడు ఆవలిస్తారో మీకంటే నాకే బాగా తెలుసు.

లాండ్రీ గొడవ మీకు ముక్కలుముక్కలుగానే తెలుసు. మొదట్నించీ చెబుతాను వినండి.

మిమ్మల్ని తీసుకెళ్లిన రెండో నెలలో ఒకావిడ తలుపు కొట్టింది. వేళ్లన్నీ నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడున్నాయి.

"నాయకుడుగారి ఇల్లు ఇదేనా అమ్మా?"

"ఇదే. కానీ ఆయన జైల్లో ఉన్నారు."

"తెలుసు. మీరున్నారుగా?"

పక్కకి జరిగి లోపలికి రమ్మన్నాను. ఆవిడ పెద్దాసుపత్రి లాండ్రీలో పాతికేళ్లుగా పనిచేస్తోంది. అక్కడ అందరూ ఆవిణ్ణి పెద్దక్క అంటారు.

మర్నాడే ఆవిడతో వెళ్లాను. ఆసుపత్రి అడుగున, కిటికీ అన్నది లేని పొడవాటి గది. పై వార్డుల్నించి మూటలు మూటలుగా దుప్పట్లు జారి పడుతుంటాయి. వాటిని అరవైమంది ఆడవాళ్లు ఉత్త చేతులతో విప్పి, దులిపి, వేరుచేస్తారు. ఆ మడతల్లో వార్డువాళ్లు మరిచిపోయిన సూదులుంటాయి. నేను నిలబడ్డ గంటలోనే రెండు దొరికాయి. ఒకటి ఒకావిడ అరచేతిలోనే దొరికింది. ఆవిడ పీకి పారేసి, చెయ్యి చీరకి తుడుచుకుని, ఇంకో మూట విప్పింది. వాళ్లలో ఎప్పుడూ నవ్వుతూ ఉండే పిల్ల ఒకతె ఉంది, నవ్వులమ్మ అంటారు. ఆ సూదుల వల్లే పచ్చకామెర్లు వచ్చి అదే ఆసుపత్రిలో మంచం పట్టింది. కళ్లు పసుపురంగుకి తిరిగినా నవ్వు మానలేదు. "అక్కా, నేను ఉతికిన దుప్పటి మీదే పడుకోబెట్టారు, చూశారా?" అంది.

సూపరింటెండెంటుకి మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మూడుసార్లూ ఒకటే జవాబు: "జాగ్రత్తగా పట్టుకోమనండి." నాలుగోసారి అర్జీ ఇవ్వలేదు. సమ్మెకి దిగాం. మందపాటి గ్లౌజులు, ప్రతి వార్డులో సూదులకి వేరే ట్రే, దుప్పటి కిందికి పంపేముందు దులపడం, నవ్వులమ్మ వైద్యం. ఇంతే అడిగింది. రోగులకి ఇబ్బంది రాకూడదని ఆపరేషన్ గదుల బట్టలు మాత్రం వంతులేసుకుని రోజూ ఉతికారు.

ఇక్కడిదాకా పేపర్లో వచ్చే ఉంటుంది. రానిది ఇప్పుడు చెబుతాను. మూడు వారాలుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను.

సమ్మె తొమ్మిదో రోజు మధ్యాహ్నం హోంశాఖ నుంచి పెద్ద అధికారి ఒకాయన వచ్చాడు. మంచి మర్యాదస్థుడు. చెప్పులు బయటే విడిచి, మీ కుర్చీలో కూర్చున్నాడు.

"అమ్మా, సోమవారానికల్లా ఆడవాళ్లు పనిలో చేరాలి. మీరు మళ్లీ ఆసుపత్రి గేటు దగ్గరికి రాకూడదు. అంతే. శుక్రవారానికి మీ ఆయన ఇంట్లో ఉంటారు."

మీతో అబద్ధమాడను. ఛీ పొమ్మనలేదు నేను. "శుక్రవారం ఎన్నింటికి?" అని అడిగాను.

ఆయన నవ్వి, సాయంత్రం ఫోన్ చెయ్యమని వెళ్లిపోయాడు. నేను లేచి మీ చొక్కాలు బయటికి తీశాను. నాలుగు ఇస్త్రీ చేశాను. ఐదోది చేస్తుంటే అత్తయ్య వచ్చి నా వెనక నిలబడింది. గోడవతల కూర్చుని అంతా విన్నదట.

"కళ్లు పోయేలోగా వాణ్ణి చూడాలని నాకూ ఉందే అమ్మాయ్," అంది. "కానీ వచ్చీ రాగానే, ఏమిచ్చి తెచ్చావని అడుగుతాడు. ఏం చెబుతావో ఇప్పుడే చూసుకో."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, లాండ్రీవాళ్లు చాపలేసుకుని కూర్చున్న ఆసుపత్రి గేటుకి వెళ్లాను. ఉన్నది ఉన్నట్టు వాళ్లకి చెప్పేశాను. దాచడానికి నాకు ముఖం చెల్లలేదు. పెద్దక్క లేచి కొంగు దులుపుకుంది.

"సారు రానీండి. మేం సోమవారం చేరిపోతాం. ఇన్నేళ్లు పడ్డాం, ఇంకొన్నాళ్లు పడతాం."

ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. కొందరు అప్పుడే చాపలు చుట్టేస్తున్నారు. ఆ చేతులు చూశాను. వాళ్లు కాదంటే బతిమాలుకుందామనే వెళ్లానేమో కూడా, నాకే తెలీదు. వాళ్లు సరేనన్నాకే ఆ బేరం నా వల్ల కాలేదు.

"చాపలు పరవండి," అన్నాను. గేటు ఎదురుగా ఉన్న మందుల షాపులోంచే ఆ అధికారికి ఫోన్ చేశాను. "కుదరదండీ" అన్నాను. ఒక్క మాట పని. పెట్టేశాక మాత్రం షాపతను తెచ్చి వేసిన స్టూలు మీద కూర్చుండిపోయాను.

ఆ తర్వాత పదకొండు రోజులకి ఆసుపత్రి దిగొచ్చింది. అడిగినవన్నీ కాగితం మీద పెట్టి సంతకం చేశారు. నవ్వులమ్మకి కామెర్లు తగ్గాయి, మొన్ననే ఇంటికెళ్లింది. మీకు మాత్రం ఇంకా ఐదు నెలలు మిగిలాయి. ఆ ఐదు నెలలూ నేను వేసినవే.

పార్టీలో మీ మిత్రులు మండిపడ్డారు. "ఆయన్ని అడక్కుండా నువ్వెవరమ్మా నిర్ణయించడానికి?" అన్నారు. "అడిగితే ఆయనా వద్దనేవారు" అని చెప్పి వాళ్ల నోళ్లు మూయించాను. భర్త మనసెరిగిన ఇల్లాలు అని ఒకాయన సభలో మెచ్చుకున్నాడు కూడా. చప్పట్లు కొట్టారు. నేను తలొంచుకుని కూర్చున్నాను.

అది అబద్ధం. ఇదే మీకు చెప్పాలనుకున్నది. మీరేమంటారా అని ఆ స్టూలు మీద కూర్చున్నాక గానీ నాకు తోచలేదు. మీరు వద్దంటారని కాదు నేను వద్దన్నది. నడుం విరిగిపోతోంది, తీసుకెళ్లిపో అని మీరే బతిమాలినా, ఏడుస్తూనైనా అదే మాట అనేదాన్ని. దాన్ని మీ గొప్పతనంలో కలిపెయ్యడం నాకిష్టం లేదు. తప్పైతే నా తప్పు. ఒప్పైతే, అదీ నాదే.

ఇంకోటి. లాండ్రీవాళ్లు సంఘం పెట్టుకుంటున్నారు, నన్ను అధ్యక్షురాలిగా ఉండమన్నారు. ఒప్పేసుకున్నాను. మీరు వచ్చాక కూడా ఉంటాను. మీటింగులు మన ముందుగదిలోనే. టీ ఎవరు పెడతారన్నది మీరొచ్చాక మాట్లాడుకుందాం.

గురువారం ములాఖత్‌కి వస్తున్నాను. కోపమొచ్చి ఉంటే చూడనని చెప్పే హక్కు మీకుంది. వార్డరుతో కబురంపండి, నొచ్చుకోను. వచ్చే గురువారం మళ్లీ వస్తాను. ఆ పై గురువారమూ వస్తాను. చూడాలనిపించిన రోజున మీరు ములాఖత్ గదిలోకొచ్చేసరికి, బల్లకి ఇవతల నేనుంటాను.

ఇట్లు,
మీ కోపానికి భయపడని, మీ కోసం ఎదురుచూడ్డం మానని
మీ భార్య