లోతుగారు ఉన్నారా

జూలై 2, 1978. ఆదివారం

ఆరాధన అయి వచ్చి కూర్చున్నాను. వాక్యం మీద మనసు నిలవలేదు. చెల్లెలు కరుణ మొగుడు రత్నం బొంబాయి నుంచి తంతి ఇచ్చాడు— 'వచ్చేస్తున్నాను.' కారణం లేదు.

ఫిబ్రవరిలో ఆ ఉదయమే కళ్ళముందు. మామూలు ఉదయం. మంచు ఇంకా విడవలేదు. నూతిలో చేద వేస్తే చప్పుడు వినిపించింది, నీళ్ళు కనిపించలేదు. కొబ్బరి డొక్కల మంట మీద మినపరొట్టి. అడుగు ఎర్రగా కాలాలని కరుణ మూత తియ్యనివ్వదు. రత్నం బొగ్గుల ఇస్త్రీపెట్టె పట్టుకుని తన చొక్కా తనే చేసుకుంటున్నాడు, కాలరు మళ్ళీ మళ్ళీ. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా అతనికి అది ఆఖరి రోజు. రాజీనామా కాగితం బల్ల మీద. గాలికి ఎగరకుండా దాని మీద నా బైబిలు.

"ఈ చెవి ఇంక గవర్నమెంటుది కాదండీ వదినగారూ" అని హెడ్‌ఫోను కింద అణిగిపోయిన చెవి పట్టుకుని చూపించాడు. "మీ తమ్ముడుగారి కంపెనీకి అప్పగించేస్తున్నాను."

"చెవి ఒక్కటే ఇస్తే జీతం సగమే ఇస్తారు" అంది కరుణ.

నవ్వుకున్నాం. ఆ కాగితం మీద చెయ్యి వేసి మరీ ప్రార్థన చేశాను.

జూలై 4

దిగాడు. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట. సెలవా అన్నాను.

"కంపెనీకే సెలవండీ" అన్నాడు.

కరుణ వేణ్ణీళ్ళు పెట్టింది. ఏమీ అడగలేదు. నా చెల్లెలు నాలాగే తయారైంది.

జూలై 6

ఇవాళ నోరు విప్పాడు. టెలిఫోను ఎక్స్ఛేంజి యంత్రాలు చేసే కంపెనీ. ఎన్నో దేశాల్లో ఉంది. ఇక్కడ మాత్రం కొనేది సర్కారు ఒక్కటే. ధర కట్టేదీ సర్కారే. విడిభాగాలు ఓడ దిగాలంటే లైసెన్సు— అదీ సర్కారే.

"ఒక్కటే గుమ్మం వదినగారూ. అది మూసేస్తే ఇంక గాలాడదు."

ఆపైన చట్టం. విదేశీయుల వాటా నూటికి నలభై దాటకూడదు. మిగిలింది మనవాళ్ళకి అమ్మాలి, లేదా మూటా ముల్లే సర్దుకోవాలి. వాళ్ళు సర్దుకుంటున్నారు.

నాలుగేళ్ళ నాటి చట్టమట. మరి జయరాజుకి తెలియదా? ఆ కంపెనీలోకి మనుషుల్ని తీసుకునేది వాడే. ఖాయమైన ఉద్యోగం బావా, రాజీనామా ఇచ్చి వచ్చెయ్యి అన్నదీ వాడే… నా చిన్న తమ్ముడు.

అడగాలి. మనసు చెడుగా తలవకుండా ప్రభువు కాయుగాక.

జూలై 9. ఆదివారం

పెద్ద తమ్ముడు శామ్యూలు కొత్తపేట నుంచి వచ్చాడు. తన కొబ్బరికొట్లో మంచి కాయలు ఏరి గోతాం నిండా తెచ్చాడు. ఎన్నడూ లేనిది.

"మావాడికి ఆ పచ్చకామెర్లు రాకపోతే నీతోపాటే వచ్చేసేవాడు బావా. దేవుడే ఆపేడు."

అవును. రత్నంతో కలిసి బయల్దేరవలసినవాడు వాడి కొడుకు. ఆఖరి నిమిషంలో ఆగాడు.

ఆమెన్ అన్నాను.

జూలై 14

రత్నం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటాడు. ఎక్స్ఛేంజి వీధి మొగదాకా వెళ్తాడు. తిరిగి వస్తాడు.

జూలై 19

విన్నది విన్నట్టు రాస్తున్నాను.

ఎక్స్ఛేంజిలో రత్నం పక్క సీటులో పనిచేసిన సత్యవతి చూడ్డానికి వచ్చింది. పుట్టిల్లు ఆత్రేయపురం, పూతరేకులు తెచ్చింది. నవ్వుతూ అడిగింది.

"టీచరుగారండీ, మీ కొత్తపేట తమ్ముడుగారింట్లో లోతుగారని ఎవరండీ?"

నాకు వెంటనే తట్టలేదు.

"క్రిస్మస్ వెళ్ళిన కొత్తలో బొంబాయి నుంచి పీపీ కాలు వచ్చిందండీ. రత్నంగారు సెలవులో ఉన్నారప్పుడు. లైను నేనే కలిపేను. లోతుగారు ఉన్నారా అంటే, ఆ పేరుగల మనిషి లేడండీ, లేడండీ అని మీ తమ్ముడుగారు ఒకటే కంగారు. అప్పులవాళ్ళేమో అనుకుని నవ్వుకున్నానండీ."

ఆ పేర్లు నేను పెట్టినవే. ట్రంకు కాలు ఖరీదు. ఫలానా మనిషే కావాలని పేరు చెప్పి పీపీ బుక్ చేస్తే, ఆ మనిషి లేడన్నప్పుడు చిన్న రుసుముతో పోతుంది. అందుకని ఇంట్లో లేని పేర్లు. దానియేలుగారు ఉన్నారా అంటే క్షేమం. నయోమిగారు అంటే ఒంట్లో బాగాలేదు. "బైబిలు పట్టుకుని మా డిపార్టుమెంటుకి టోపీ వేస్తున్నారండీ" అని రత్నం ఏడిపించేవాడు.

లోతు, దేవుడు కాల్చిన ఊరి నుంచి ముందే తప్పించుకున్న మనిషి— ఆ చోటు నాశనమవుతుంది, దరికి పోవద్దు. తుఫాను రోజులకని పెట్టుకున్న పేరు. ఎన్నడూ అవసరం పడలేదు.

రత్నం చేతిలో పూతరేకు పొరలు పొరలుగా ఒళ్ళో రాలింది. దులుపుకోలేదు.

"ఆయ్… ఎవరో చుట్టాలండీ" అన్నాడు సత్యవతితో. నావైపు చూడలేదు.

జూలై 20

క్రిస్మస్ వెళ్ళిన కొత్తలో. అంటే రాజీనామాకి ముందే.

జయరాజు అన్న కొడుకుని ఆపాడు. చెల్లెలి మొగుణ్ణి రమ్మన్నాడు. అన్న నోరు మూసుకున్నాడు, కామెర్లని చెప్పాడు.

ఇద్దరు తమ్ముళ్ళకీ ఒకే కంచంలో కలిపి నేనే ముద్దలు పెట్టాను.

జూలై 23. ఆదివారం

ప్రభు భోజనం తీసుకోలేదు. పాస్టరుగారు గిన్నె నా ముందు పట్టుకుని ఆగారు. తల అడ్డంగా ఊపాను. వరస కదిలింది.

జూలై 28

కోపం రావడం లేదు. వస్తే బాగుండును.

ఆగస్టు 4

సత్యవతి కబురు. రత్నాన్ని మళ్ళీ తీసుకోమని పైవాళ్ళకి అర్జీ పెట్టుకోవచ్చట. ఒక్కటే దారి— ఎవరు నమ్మించారో, ఏమని నమ్మించారో పేరుతో సహా రాయాలి. ఊరికే కంపెనీ అంటే పక్కన పడేస్తారట.

కరుణ ముఖంలో చాలా రోజులకి వెలుగు.

ఆగస్టు 11

జయరాజు వచ్చాడు. కంపెనీ వాణ్ణి సింగపూరు పంపుతోంది. చెప్పి వెళ్దామని వచ్చాడట. నాకు చీర. రత్నానికి వాచీ. రత్నం దాన్ని తియ్యలేదు, తొయ్యలేదు.

పెరట్లో నిలబెట్టి అడిగాను.

"అప్పటికి కంపెనీ ఢిల్లీతో బేరమాడుతోందక్కయ్యా. ఇక్కడివాళ్ళకి పని నేర్పుతున్నాం, గడువు పెంచండని. కుర్చీలు ఖాళీగా ఉంటే ఎవరు నమ్ముతారు? మనుషుల్ని చూపించాలన్నారు. ఢిల్లీ ఒప్పుకుని ఉంటే బావ దర్జాగా ఉండేవాడు."

"శామ్యూలు కొడుకుని చూపిస్తే ఒప్పుకోరా?"

నేల చూశాడు. "అన్నయ్య ఉత్తరాల్లో గుచ్చి గుచ్చి అడిగేడక్కయ్యా. నిజం చెప్పక తప్పలేదు."

"రత్నం అడగలేదు. నమ్మాడు."

వాడు ఏడ్చాడు. చిన్నప్పుడైతే కొంగుతో తుడిచేదాన్ని.

ఆగస్టు 12. సాయంత్రం

అరుగు మీద అందరం. శామ్యూలే మొదలెట్టాడు.

"అర్జీలో వాడి పేరు రాస్తే వాడి పాస్‌పోర్టు మీదకొస్తుంది. ఇంటి గుట్టు గవర్నమెంటుకెందుకు? కంపెనీవారు నమ్మించారంటే చాలదూ?"

"పేరు లేకపోతే పక్కన పడేస్తారన్నారు కదన్నయ్యా" అంది కరుణ.

"ప్రార్థన ఉంది కదమ్మా."

"కొడుకుని ఆపినప్పుడు లేదా అన్నయ్యా ప్రార్థన? అప్పుడు ట్రంకు కాలు కావలసొచ్చిందే?"

జయరాజు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. రత్నమే అన్నాడు, మెల్లగా— "ఆయ్, అలాగేనండీ బావగారూ. మీరెలా అంటే అలాగే." కరుణ లేచి లోపలికి పోయింది.

తేల్చింది ఇదీ: అర్జీలో జయరాజు పేరుండదు. కరుణ రాయనంటే శామ్యూలే రాస్తాడు. సోమవారం రత్నం కాకినాడ వెళ్ళి ఇచ్చి వస్తాడు. తీసుకోకపోతే కొత్తపేట కొట్లో కాయలు లెక్కపెట్టే పని. ఇంటికి పెద్దదాన్ని కనక సాక్షి సంతకం నాది.

"అక్కయ్యకి సమ్మతమే. కాదనలేదు కదా" అన్నాడు శామ్యూలు.

అందరూ లేచారు. నేను ఇంకా ఏమీ అనలేదు.