సైదాబాద్‌లో పతంగుల శుక్రవారం

జనవరి 7, 1937. గురువారం.

మళ్లీ పడిపోయాను. ఈసారి చేతిలో ట్రేతో సహా. సగం కట్టు కట్టిన కాలితోనే పేషెంటు లేచి నన్ను పట్టుకున్నాడు. ఇంకోసారి రక్తం చూసి పడితే ట్రంకు సర్దుకుని బందరు రైలెక్కమన్నారు సిస్టర్. నర్సు ట్రైనింగుకని నైజాం రాజ్యానికి వచ్చి మూడు నెలలు. అప్పుడే తిరిగి వెళ్తే మా వీధంతా నవ్వదూ!

జనవరి 10. ఆదివారం.

హాస్టల్‌కి పాలు పోసే రుక్మాబాయి గౌలిపుర నుంచి వస్తుంది. యాభై దాటి ఉంటాయి. నా మొహం చూసి, గట్లున్నవేంది బిడ్డా అంది. ఇంటిమీద బెంగ అన్నాను. అంగ్రేజీ రాజ్యం నుంచి వచ్చినోళ్లకు గట్లనే ఉంటది, ఈ శుక్రవారం సైదాబాద్ మైదానానికి రా, మా తమ్ముడు కొండల్ పందెంల ఎగరేస్తడు అంది. గాలిపటాలా అన్నాను. గాలిపటం ఏంది, పతంగి అను అని కసిరింది. మూడేళ్ల సంది అఫ్జల్‌గంజోళ్లే గెలుస్తున్నరట. ఈసారి కూడా ఓడితే గౌలిపురల మొహం చూపించలేమంది.

జనవరి 11.

నా రూమ్మేట్ నీలమ్మ మేట్రన్‌ని ఒప్పించింది! ఆరుగురం. ఆరు లోపల గేటు దగ్గర ఉండాలి. ఫస్ట్ ఎయిడ్ బ్యాగు వెంట ఉండాలి.

జనవరి 14.

నీలమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి నాలుగుసార్లు గాలి చూసింది.

జనవరి 15. శుక్రవారం. సాయంత్రం 7 గం.

ఎక్కడ మొదలుపెట్టను!

రెండు టాంగాలు. నయాపూల్ దాటేసరికే ఆకాశం నిండా పతంగులు. మైదానంలో మస్తు జనం, మస్తు లొల్లి. ఎవరి పతంగి తెగినా ‘అఫా!’ అని ఒక్కటే అరుపు. గంటలో మేం ఆరుగురం కూడా గొంతులు పోగొట్టుకున్నాం.

నాలుగింటికి రెండే మిగిలాయి. కొండల్‌ది ఎర్రది. అఫ్జల్‌గంజ్ కట్టెల వ్యాపారి ఖాదర్ సాబ్‌ది నల్లది. దారాలు రెండూ మెలిపడ్డాయి. దీన్నే పేంచ్ అంటారని నీలమ్మ చెప్పింది. ఎవరి దారం తెగితే వాళ్లు ఓడినట్టు. కొండల్ దారం పైకి వదులుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి గాజుపొడి పూసిన మాంజా అతని చూపుడువేల్లోకి దిగిపోయింది. మోచేతి దాకా రక్తం.

నర్సమ్మా అని రుక్మాబాయి కేక. అందరూ నా వైపే చూశారు. ఫస్ట్ ఎయిడ్ బ్యాగు నా భుజాన్నే ఉంది. పైన ఎర్ర పతంగి తల వాల్చేస్తోంది. ఎలా పరిగెత్తానో ప్రభువుకే తెలుసు.

అతని వేలు గట్టిగా నొక్కి పట్టాను. దారం చేతిలోంచి వదలడే! వదులు అని అరిచాను. అంత గొంతు నాకుందని నాకే తెలీదు. వదిలితే ఎవరు పడ్తరు అన్నాడు. నేను పడ్త, ఇటియ్యి అంది రుక్మాబాయి. కొంగు నడుముకు చుట్టి దారం అందుకుంది. రోజూ నాలుగు బర్రెల పాలు పిండే చేతులు. తొందరపడలేదు. దారం పైకి ఇంకా వదిలింది, ఇంకా. ఆ తరవాత ఏం జరిగిందో నేను చూడలేదు. ఎముక కనబడుతున్న వేలికి కట్టు కడుతున్నాను. మైదానమంతా ‘అఫా!’ అంది. ఆఖరి ముడి వేసి తలెత్తేసరికి నల్ల పతంగి మూసీ వైపు తేలిపోతోంది.

నడుమ చెయ్యి మారింది, చెల్లదని అఫ్జల్‌గంజోళ్లు తగవుకొచ్చారు. ఆడమనిషి పందెమేమిటన్నారు ఇంకొందరు. ఖాదర్ సాబ్ వచ్చి, కొండల్ కట్టు చూసి, ఎవరు కట్టారని ఉర్దూలో అడిగాడు. ఓటమి ఒప్పుకున్నట్టు, దారం చుట్టుకునే తన చర్ఖీని దారంతో సహా తెచ్చి రుక్మాబాయి చేతిలో పెట్టాడు. ఆమె మొహం చూడాలి!

గేటు దగ్గరికొచ్చేసరికి ఆరూ నలభై. మేట్రన్ అక్కడే నిలబడి ఉన్నారు. వచ్చే శుక్రవారం బయట అడుగు పెట్టకూడదన్నారు. వేయనీ శిక్ష.

నేను పడిపోలేదు. చీరంతా రక్తం, అయినా పడిపోలేదు!

జనవరి 16.

కొండల్ ఆస్పత్రికొచ్చాడు. మూడు కుట్లు. ట్రే పట్టుకోమని సిస్టర్ నన్నే పిలిచారు. పట్టుకున్నాను. ట్రంకు మాటెత్తలేదు.

జనవరి 22. శుక్రవారం.

రుక్మాబాయి రాలేదు. కొండల్ ఎడమచేత్తో పాలు పోసిపోయాడు. అక్క పొద్దున్నే పతంగి పట్టుకుని మిద్దె ఎక్కిందంట, దిగమంటే దిగుతలేదంట.

మధ్యాహ్నం గౌలిపురల ఆ మిద్దె మీదికి నేను గూడ పోయిన. చర్ఖీ పట్టిన. మేట్రన్‌కు తెల్వదు.