కాడికి లొంగని ఎద్దు

బావగారికి,

"సర్దుకుపోవోయ్" అని రాశారు. ఒక్క మాట కోసం కొంప మీదికి తెచ్చుకోవడమేమిటని అక్క కూడా తిట్టిందట.

నేను తెలుగు చేయగా మా సంఘం అచ్చువేస్తున్న బైబిలు మూలంలో రేయేమ్ అనే హీబ్రూ మాట ఉంది. అంటే అడవి ఎద్దు; కాడికి మెడ వంచనిది, దొడ్లో నిలవనిది. పాత అనువాదకులు తెలియక ఒంటికొమ్ము గుర్రమన్నారు. మా అధ్యక్షులవారు తెలిసీ అదే ఉంచమంటున్నారు.

"మన సంఘం గుమ్మం మీది బొమ్మ కూడా ఆ గుర్రమేనండీ. మీ ఎద్దును ఎక్కడ కట్టేయమంటారు?" అని నవ్వారు.

తెలియక రాస్తే పొరపాటు. తెలిసి రాస్తే మోసం కాదా, మీరే చెప్పండి.

ఇక్కడ అనువాదకుడు పైకి చదివితేనే పేజీ అచ్చుకు వెళుతుంది. నిన్న ఆ మాట రాగానే దగ్గు నటించి బయటికొచ్చాను. సోమవారం మళ్ళీ చదవాలి. ఎద్దు అంటే ఉద్యోగంతోపాటు వాళ్ళిచ్చిన ఈ ఇల్లూ పోతుంది. అమ్మ మంచం దిగలేదు, మీకు తెలుసు.

మీ ముందుగదిలో అమ్మ మంచం పడుతుందా? పడుతుందంటే ఎద్దు అనే చదువుతాను. పడదంటే గుర్రం అంటాను. అప్పుడు మాత్రం, సర్దుకుపోయాడని నన్ను మెచ్చుకోకండి.

మీ బావమరిది