ఎడమ చెయ్యి

మార్చి 3, సోమవారం. ఉదయం 6.40

జెల్ ఆరేదాకా రెండు నిమిషాలు చెయ్యి చాపుకుని కూర్చోవాలి. ఎడమ చెయ్యి, మణికట్టు నుంచి భుజం దాకా, లోపలి వైపు. రెండు ప్రెస్‌లు. ఆ రెండు నిమిషాల్లోనే కుడిచేత్తో ఇది రాస్తున్నాను.

ఇంతవరకూ ఈ డైరీకి కూడా చెప్పలేదు కాబట్టి ఒకసారి రాసి పారేస్తాను. నాకు ముప్పై తొమ్మిది. ముప్పై ఏడుకే నెలసరి ఆగిపోయింది. కొందరికి అంతేనట, పెద్ద కారణమేమీ ఉండక్కర్లేదట. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారతాయన్న భయం. రెండేళ్ళు మాత్రలు మింగాను, పడలేదు. డిసెంబర్ నుంచి ఈ ఈస్ట్రోజెన్ జెల్. సంగతి నాకూ, అవతలి పేటలో ఉండే లేడీ డాక్టర్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. చిన్న పంపు సీసా. దాన్ని శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్‌లో దాస్తాను. నాన్న చచ్చినా చెయ్యి పెట్టని చోటు ఇంట్లో అదొక్కటే. ప్యాకెట్ నాకిక దేనికీ అక్కర్లేదు, దీనికి తప్ప.

మా కుక్క బాబిన్ వచ్చింది. రోజూ ఈ వేళకి వస్తుంది. ఒళ్ళోకెక్కి, నా మోచేతి మడతలో గడ్డం పెట్టుకుని పడుకుంటుంది. మధ్యలో ఒకసారి, గుర్తొచ్చినట్టు, నాలుకతో తుడుస్తుంది. కిటికీలో ఇంకా రంగులు తేలని వెలుతురు. పక్క గదిలో నాన్న దగ్గు. రోజు మొత్తంలో నాకు ఏ దిగులూ లేని టైమ్ ఇదే.

మార్చి 5, బుధవారం

గేటు ముందు మూడు మగకుక్కలు. నాన్న లెక్కపెట్టి వచ్చి, కొలతలివ్వడానికి వచ్చినట్టు వరసలో కూర్చున్నాయే అన్నాడు. నలభై ఏళ్ళు టైలర్ పని చేసిన మనిషి. కొట్టు కట్టేసి తొమ్మిదేళ్ళయినా లోకమంతా ఇంకా కొలతలకే వస్తోందనుకుంటాడు.

వాటికి కావలసింది బాబిన్. కొట్టు కట్టేసిన రోజుల్లో, కత్తిరింపు ముక్కల మూటలో దొరికింది. అప్పుడు కుట్టుమెషీన్‌లో దారం చుట్టే బాబిన్ కన్నా కాస్త పెద్దగా ఉండేదేమో, ఉన్నచోటే గిరగిరా తిరిగేది. ఏడాది నిండగానే గర్భసంచీ, అండాశయాలు తీయించేశాం. అలాంటి ముసలమ్మ వెనక భాగం వాచి, ఎదకొచ్చినట్టు తోక పక్కకి పెట్టి నిలబడుతోంది. నాన్న చూసీ చూడనట్టు చూసి, ఇది నీ పనికి తగిలే విషయంలా ఉంది తల్లీ, నువ్వే చూసుకో అన్నాడు.

మార్చి 6, గురువారం. ఉదయం 10.00

నా పని కుక్కల రక్తంలో హార్మోన్లు కొలవడం. పశువుల ఆస్పత్రి వెనక గదిలో, పదకొండేళ్ళుగా. థైరాయిడ్, కార్టిసాల్, ఈస్ట్రాడయోల్. నాన్న ఇంచీల్లో కొలిచాడు. నేను కంటికి కనపడనివి కొలుస్తాను.

రక్తం తీసేముందు యజమానులు నింపే ఫారంలో ఏడో ప్రశ్న నాది. ఇంట్లో మనుషులెవరైనా హార్మోన్ మందులు, పూతలు వాడుతున్నారా? నేను చేరిన రెండో ఏడు ఒక కుక్క వచ్చింది, పొట్ట వేలాడుతూ, జుట్టు రాలిపోయి. చూస్తే కార్టిసాల్ ఎక్కువైన కుక్కే. కొలిస్తే దాదాపు సున్నా. డాక్టర్లు వారం రోజులు తల పట్టుకున్నారు. ఆ ఇంటి తాతగారు కాళ్ళ దురదకి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసుకునేవారు, ఆ కుక్క రోజూ శ్రద్ధగా నాకి పెట్టేది. బయట నుంచి అంత అందుతుంటే ఒళ్ళు తన పని తాను మానేసింది. అది కనిపెట్టింది నేను. ఆ ప్రశ్న ఫారంలో చేర్పించిందీ నేనే. ఎవరైనా నీళ్ళు నమిలితే, సిగ్గుపడకండి, కుక్క కోసమే అడుగుతున్నాం అంటాను. కొన్ని వందలసార్లు అనుంటాను.

ఇవాళ బాబిన్ ఫారం నింపాను. ఏడో ప్రశ్న దగ్గర, లేవు, అని రాశాను. పెన్ను ఎక్కడా ఆగలేదు.

సాయంత్రం 4.10

మెషీన్ గది చల్లగా ఉంటుంది. శబ్దం ఒకటే శ్రుతి. అందులో కాసేపు కూర్చుంటే నీళ్ళ అడుగున ఉన్నట్టుంటుంది, పైన ఎవరో నడుస్తుంటారు, మనకి పట్టదు. బాబిన్ సీరమ్ లేత గడ్డి రంగులో తేలింది. కిటికీకి ఎదురుగా పట్టుకుని అవసరం లేకపోయినా చాలాసేపు చూశాను.

ఈస్ట్రాడయోల్. అండాశయాలు లేని కుక్కకి మా మెషీన్‌లో ఇరవై దాటదు. బాబిన్‌కి అరవై రెండు. మళ్ళీ పెట్టాను. అరవై ఒకటి.

తొందర డాక్టర్‌గారికి చూపించాను. మెట్లు కూడా రెండేసి ఎక్కుతారు, అందుకే ఆ పేరు. ఇందులో ఆలోచించడానికేముంది మేడం, పాత ఆపరేషన్‌లో అండాశయం ముక్క లోపల ఉండిపోయింది, తెరిచి తీసెయ్యడమే అన్నారు. ఏడో ప్రశ్న చూశారు. మీ ఇల్లే కాబట్టి అనుమానమే లేదు అన్నారు. ముక్క ఉందో లేదో తేల్చే టెస్ట్ ఇంకోటుంది. శాంపిల్ బయటికి పంపాలి, మూడు వారాలు. అంత ఓపిక ఆయనకెక్కడిది? వచ్చే శుక్రవారం, పద్నాలుగున ఆపరేషన్.

బాబిన్ గుండెలో మర్మర్ ఉంది, కవాటం సరిగ్గా మూసుకోక వచ్చే చప్పుడు. మత్తులోంచి లేవకపోయే ప్రమాదం ఉంది, ముందే చెప్పడం నా బాధ్యత అన్నారు. అది మాత్రం నిదానంగా చెప్పారు.

మార్చి 7, శుక్రవారం

ఆ అంకె చూశాకే నాకు తెలిసిందని రాయబోయాను. అబద్ధం. లేవు అని రాస్తున్నప్పుడే తెలుసు.

మార్చి 8, శనివారం. మధ్యాహ్నం

నాన్న బాబిన్‌ని బల్ల మీద నిలబెట్టి కొలతలు తీశాడు. ఆపరేషన్ అయ్యాక కుట్లు నాకకుండా ఒంటికి కోటు కుడతాడట. మెడ పది, ఛాతీ పద్దెనిమిది, వీపు పద్నాలుగు. నీలం గుడ్డ, తెల్ల చుక్కలు, ఎప్పటిదో మిగిలిన ముక్క. చిల్లులు నాలుగు చాలా అని నన్నడిగాడు. తోకకి ఇంకోటి కావాలన్నాను. ఇద్దరం నవ్వాం. బాబిన్ కూడా మాతో పాటే నవ్వినట్టు నోరు తెరిచింది.

నాకు పద్నాలుగో ఏడు వచ్చినప్పటి నుంచీ నాన్న నా మీద టేపు పెట్టలేదు. ఆది చొక్కా ఇస్తే, దాన్ని చూసి కుట్టేవాడు. పేటలో సగం మంది భుజాలు, నడుములు ఆయనకి నోటికొచ్చు. నావి రావు. అమ్మ పోయాక ఒంటి సంగతులు మాట్లాడుకునే మనిషే లేదు ఇంట్లో. జ్వరం, జలుబు, అక్కడితో సరి.

చెబితే ఏమవుతుంది? కోప్పడడు. అది కాదు. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా, ఎవరింట్లోనో పిల్లలు పుట్టినప్పుడల్లా, నీకింకా వయసుందిలే తల్లీ అంటాడు. సూదిలోకి దారం ఎక్కిస్తూ, నా వైపు చూడకుండా అంటాడు. నిజం చెప్పాలంటే నాకు పిల్లలు కావాలని లేదు. కానీ ఆ మాట కావాలి. చెబితే ఆ మాట ఆగిపోతుంది.

మార్చి 9, ఆదివారం

శుక్రవారం నుంచి జెల్ మానేశాను. ఉపాయం ఏంటంటే, బాబిన్ లెవెల్ దానంతటదే దిగుతుంది. మంగళవారం మళ్ళీ కొలుస్తాను. దిగిందని చూపిస్తే ఆపరేషన్ ఆపేస్తారు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

తెల్లవారుతుండగా కల. మెషీన్ గదిలో కుక్కలన్నీ వరసగా కూర్చుని నా రక్తం తీస్తున్నాయి, చాలా మర్యాదగా. బాబిన్ ఫారం నింపుతోంది. ఆరు ప్రశ్నలు అడిగింది. ఏడోది అడగలేదు. నా మొహం చూసి, తనే ఏదో రాసుకుని, పెన్ను మూత పెట్టేసింది. లేచేసరికి దిండు చెమటతో తడిసి ఉంది. పక్కన నిజం బాబిన్, నా మోచేతి మడతలో ముక్కు పెట్టి వెతికి, ఏమీ దొరక్క నా మొహంలోకి చూస్తోంది.

నా దగ్గర్నుంచి వెళ్ళిపోయింది దాని దగ్గరికి వెళ్ళిందేమో అనిపిస్తుంది. నా నెలలు అది మోస్తోంది. ఈ వయసులో దానికి గేటు ముందు ముగ్గురు. ఇది రాస్తుంటే నవ్వొచ్చింది. వెనకే ఏడుపొచ్చింది.

మార్చి 10, సోమవారం

మధ్యాహ్నం కళ్ళు మూస్తే గడ్డి రంగు నీళ్ళు. బాబిన్ ఈదుతోంది. ఒడ్డు నా చెయ్యి.

మార్చి 11, మంగళవారం. 3.30

ముప్పై ఒకటి! సగానికి సగం. నేను కూడా మెట్లు రెండేసి ఎక్కాను.

తొందర డాక్టర్‌గారు రిపోర్ట్ చూసి, అయ్యో దిగిపోతోందే అన్నారు. ఎద అయిపోవస్తోంది మేడం, హార్మోన్ పైనున్నప్పుడే ఆ ముక్క ఉబ్బి కంటికి కనపడుతుంది, పూర్తిగా దిగాక తెరిస్తే లోపలంతా దేవులాడుకోవాలి, అది ఎక్కువసేపు మత్తులో ఉండాలి అన్నారు. శుక్రవారం కాదట. ఎల్లుండి ఉదయం తొమ్మిదికి.

నా తెలివి తెల్లారింది. ఉన్న మూడు రోజుల్లో ఒకటి నేనే తగ్గించాను.

మార్చి 12, బుధవారం. మధ్యాహ్నం 2.00

పద్దెనిమిది డిగ్రీల ఏసీలో నాకు చెమటలు. గోడకి వీపు ఆనించి కూర్చున్నాను. ట్యూబులన్నీ చిన్నగా ఊగుతున్నట్టున్నాయి. అప్పుడు నాన్న ఫోన్ చేశాడు. కోటు అయిపోయిందట. తొడిగి చూస్తే బాబిన్ ఊళ్ళో పెద్దమనిషిలా నడుస్తోందట. లైన్‌లో దాని గోళ్ళ చప్పుడు వినపడుతూనే ఉంది. ఆ గుండె తట్టుకుంటుందంటావా తల్లీ, నువ్వంటే నమ్ముతాను, మీ మెషీన్లు అబద్ధం చెప్పవుగా అన్నాడు.

చెప్పవు నాన్నా అన్నాను.

మార్చి 13, గురువారం. ఉదయం 11.00

వెంటనే రాసెయ్యాలి. లేకపోతే నా ఇష్టం వచ్చినట్టు మార్చేసుకుంటాను.

తొమ్మిదికి పది నిమిషాల ముందు నాన్న చేతికి సంతకం కోసం కాగితం ఇచ్చారు. నాన్న దేన్నైనా మొదటి అక్షరం నుంచి చదువుతాడు. కళ్ళద్దాలు తీసుకున్నాడు. చంకలో నీలం కోటు, ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉంది. కుక్క కోటుకి ఇస్త్రీ. బల్ల మీద బాబిన్. సూది గుచ్చడానికి ముందుకాలి మీద జుట్టు గీసేశారు. ఇంత చర్మం, గులాబీ రంగులో, సన్నటి నరంతో. నా మోచేతి మడతలాగే ఉంది. అది నన్ను చూసి తోకతో బల్లని కొట్టింది. నాన్న రెండో పేజీ తిప్పాడు. పెన్ను మూత తీశాడు.

కౌంటర్ మీదున్న దాని ఫైలు లాక్కున్నాను. ఏడో ప్రశ్న. లేవు అన్నదాన్ని కొట్టేసి పైన రాశాను. ఈస్ట్రోజెన్ జెల్, ఎడమ చెయ్యి, రోజుకి రెండు ప్రెస్‌లు, డిసెంబర్ నుంచి, కుక్క నాకుతుంది. వాడే మనిషి అని ఉన్నచోట, నేను, అని రాశాను. పక్కన సంతకం, తేదీ. దిద్దిన చోట సంతకం ఉండాలన్నది కూడా నేను పెట్టిన రూలే.

తొందర డాక్టర్‌గారు చదివారు. మళ్ళీ చదివారు. ఈయన ఒక కాగితాన్ని రెండుసార్లు చదవడం నేనెప్పుడూ చూడలేదు. గొంతు బాగా తగ్గించి, మధ్యలో మీరు వాడటం మానేశారా, అందుకే దిగిందా అన్నారు. అవునన్నాను. మీ మందు మానకండి మేడం, ఆ చెయ్యి కప్పుకోండి చాలు, దీనికి ఆరు వారాల్లో అదే తగ్గిపోతుంది, అప్పుడు మళ్ళీ కొలుద్దాం అన్నారు. చేతి గ్లవ్స్ ఒక్కో వేలూ లాగి విప్పారు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది.

నాన్న ఆ ఫారం అడిగి తీసుకుని చదివాడు. మొదటి అక్షరం నుంచి. ఏడో ప్రశ్న దగ్గర ఆగాడు. పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు, బాబిన్‌ని ఎత్తుకున్నాడు.

మలుపు దాకా ఇద్దరం నడిచాం. అక్కడ ఆగి, ఎన్నాళ్ళయింది అని అడిగాడు. రెండేళ్ళు దాటింది నాన్నా అన్నాను. నొప్పిగా ఉంటుందా అన్నాడు. నొప్పి కాదు, వేడి అన్నాను. ఊఁ అన్నాడు.

సాయంత్రం 6.00

సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. నీకింకా వయసుందిలే అన్న మాట రాలేదు.

బాబిన్ గిన్నె నాకేసి, గేటు దగ్గరికెళ్ళి తన ముగ్గురినీ చూసి వచ్చింది. బతికుంది. నాకు తేలిగ్గా ఉంది. అమ్మ పోయిన రోజులాగా కూడా ఉంది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో కొలిచే మెషీన్ లేదు మా దగ్గర.

మార్చి 14, శుక్రవారం

నాన్న తలుపు దగ్గరగా వేసుకుని నీలం కోటు కుట్లు విప్పుతున్నాడు. బ్లేడు ఆడిన చప్పుడు, దారం లాగిన చప్పుడు, మధ్యాహ్నమంతా. అంత కష్టపడి కుట్టింది దండగ చేశానని కోపమేమో అనుకున్నాను. అడిగే ధైర్యం లేక పడుకున్నాను. కలలో కూడా అదే చప్పుడు.

మార్చి 15, శనివారం. ఉదయం 6.40

నాన్న టేపు పట్టుకుని వచ్చాడు. చెయ్యి చాపు తల్లీ అన్నాడు. చాపాను.

చెయ్యి పొడవు ఇరవై రెండు. పై లూజు పదకొండు. మణికట్టు ఆరున్నర. తొడుగుకి రెండు చివర్లా ఎలాస్టిక్.

అతుకు వేసినా ఆ నీలం గుడ్డ ఒక్క చేతికే వచ్చింది.